పోటీ పరీక్షల ప్రత్యేకం: ఒక్క వార్త.. ఎన్నో ప్రశ్నలు

గ్రూప్స్ అభ్యర్థుల్లో చాలామంది కరెంట్ అఫైర్స్‌ను తేదీల చిట్టాలా బట్టీ పడతారు. నెల తిరిగేసరికి సగం గుర్తుండదు. వార్తను స్టాండర్డ్ జీకేతో ముడిపెట్టి చదివితే ఆ శ్రమ వృథా పోదు. మహిళా రిజర్వేషన్ చట్టాన్నే తీసుకోండి.

- పేరు: నారీ శక్తి వందన్ అధినియమ్
- లోక్‌సభ ఆమోదం: 2023 సెప్టెంబర్ 20 (అనుకూలం 454, వ్యతిరేకం 2)
- రాజ్యసభ ఆమోదం: సెప్టెంబర్ 21 (214–0)
- రాష్ట్రపతి ఆమోదం: సెప్టెంబర్ 28
- సారాంశం: లోక్‌సభ, రాష్ట్ర శాసనసభలు, ఢిల్లీ శాసనసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లు
- చేర్చిన అధికరణలు: 330ఏ, 332ఏ, 334ఏ

ఇక్కడ జాగ్రత్త: బిల్లు సంఖ్య 128, రాజ్యాంగ సవరణ సంఖ్య 106. ఆప్షన్లలో రెండూ పక్కపక్కనే కనిపిస్తే తడబడకూడదు.

నేపథ్యం: తొలి బిల్లును 1996లో దేవెగౌడ ప్రభుత్వం తెచ్చింది. స్థానిక సంస్థల్లో మహిళలకు మూడో వంతు స్థానాలను 73, 74వ సవరణలు కల్పించాయి. తెలుగు రాష్ట్రాల పంచాయతీల్లో ఈ కోటా 50 శాతం.

ఇలా రాసుకోండి: నోట్‌బుక్ పేజీని నిలువుగా మడవండి. ఎడమవైపు వార్త, కుడివైపు అధికరణ, సవరణ, చరిత్ర రాయండి. ఆదివారం ఎడమ భాగం మాత్రమే చూస్తూ కుడివైపుది చూడకుండా చెప్పండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే మళ్లీ చదవాలి.

సాధన ప్రశ్న: పంచాయతీల్లో రిజర్వేషన్ల గురించి చెప్పే అధికరణ ఏది?
జవాబు: 243డి. పురపాలికలకైతే 243టి.