సైకాలజీ ఆనర్స్ థీసిస్: డేటాకు ముందే గెలవాల్సిన పని

డిగ్రీలో సైకాలజీ తీసుకుని, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులు తెచ్చుకున్నవారి ముందు నాలుగో ఏడాదికి రెండు దారులుంటాయి. మరికొన్ని పేపర్లు చదివి మామూలు ఆనర్స్ పట్టా తీసుకోవడం ఒకటి. గైడ్ దగ్గర చేరి, సొంతంగా ఒక పరిశోధన చేసి ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ పట్టా అందుకోవడం రెండోది. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన క్రెడిట్ల విధానం ప్రకారం నాలుగేళ్ల డిగ్రీకి కావలసిన 160 క్రెడిట్లలో 12 ఈ డిసర్టేషన్‌కే వెళ్తాయి. ప్రాక్టికల్ పని లెక్కన క్రెడిట్‌కు 30 గంటలు వేసుకున్నా 360 గంటలు. సెమిస్టర్ చివర్లో పది రాత్రులు కూర్చుని ముగించే పని కాదని ఈ లెక్కే చెబుతోంది.

రెండో దారి ఎవరికి? పరిశోధన వైపు వెళ్లాలనే ఆలోచన కాస్తయినా ఉన్నవారికి. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే ఎంఏ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత ఉంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంటుంది. 2024 జూన్ నుంచి ఇలాంటి పట్టా ఉన్నవారిని నెట్ పరీక్షకూ అనుమతిస్తున్నారు. విదేశాల్లో మాస్టర్స్‌కు దరఖాస్తు చేసేవారికైతే, అక్కడి సైకాలజీ విభాగాలు మొదట అడిగేది ‘సొంతంగా ఏం పరిశోధించావు’ అనే. మీ యూనివర్సిటీలో ఈ ఏడాది ఎలా నడుస్తోందో, గైడ్లుగా ఎవరున్నారో ఐదో సెమిస్టర్‌లోనే కనుక్కోండి.

మొదలుపెట్టిన థీసిస్‌లలో మధ్యలో కుంటుపడేవి చాలా ఉంటాయి. రాయడం చేతకాక ఆగిపోయాయని అందరూ అనుకుంటారు. అసలు కారణం చాలాసార్లు అది కాదు. డేటా చేతికి రాకముందు తేల్చుకోవలసిన నాలుగైదు విషయాలను తేల్చుకోకుండా వదిలేయడమే కారణం. ఏం అడుగుతున్నాం, ఎవరిని అడుగుతున్నాం, ఎంతమందిని, దేనితో కొలుస్తాం, వచ్చిన అంకెలను ఎలా విశ్లేషిస్తాం? ఇవి సినాప్సిస్‌లోనే ఖాయమైతే మిగతా పని శ్రమే తప్ప అయోమయం కాదు.

ప్రశ్నను కుదించండి

విద్యార్థులు మొదట తెచ్చే అంశాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ‘యువత మానసిక ఆరోగ్యంపై సోషల్ మీడియా ప్రభావం’ అనేది అందులో ముందుంటుంది. అది శీర్షిక మాత్రమే, ప్రశ్న కాదు. ఏ యువత? మానసిక ఆరోగ్యం అంటే ఆందోళనా, నిద్రా, ఆత్మగౌరవమా? ప్రభావం అన్నాక కారణం చూపించాలి, ఒక్కసారి నింపించిన ప్రశ్నావళితో కారణం తేలదు. దాన్నే ఇలా కుదించి చూడండి: ‘హాస్టల్లో ఉండే డిగ్రీ విద్యార్థుల్లో, పడుకునే ముందు ఫోన్ చూసే సమయానికీ నిద్ర నాణ్యతకూ సంబంధం ఉందా?’ ఇక్కడ ఒక గుంపు ఉంది, రెండు వేరియబుల్స్ ఉన్నాయి, రెంటినీ కొలిచే మార్గం ఉంది. ఎనిమిది నెలల్లో పూర్తవుతుంది.

చిన్న ప్రశ్న అంటే విలువ లేని ప్రశ్న అనుకోవద్దు. మన చుట్టూ ఉన్న పరిస్థితులే కొన్నిసార్లు ఇతర దేశాలవారికి దొరకని అవకాశాన్ని ఇస్తాయి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ఒకే భాష వచ్చినవారికంటే రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు వాళ్లు గమనించారు. అంతకుముందు కెనడాలో ఇలాంటి ఫలితమే వచ్చినా, అక్కడ రెండు భాషల వాళ్లలో చాలామంది వలస వచ్చినవారు కావడంతో తేడా భాష వల్లనా, వలస వల్లనా అనే అనుమానం మిగిలింది. పుట్టి పెరిగిన ఊళ్లోనే తెలుగు, దక్కనీ, హిందీ కలిపి మాట్లాడే హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. చదువురాని వాళ్లలోనూ ఇలాంటి తేడా కనిపించడంతో చదువే కారణమన్న వాదనకూ బలం తగ్గింది. అంత పెద్ద పని డిగ్రీ విద్యార్థి చేయలేకపోవచ్చు. కానీ ‘ఈ ప్రశ్నకు నా ఊరు ఎందుకు సరైన చోటు’ అని అడగడం మాత్రం నేర్చుకోవచ్చు.

అదే దారిలో ఇంకో ఉదాహరణ. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ ప్రచురించిన ప్రయోగం సైకాలజీ చదివిన ప్రతివారికీ తెలుసు. ‘ఎరుపు’ అనే మాటను నీలం రంగులో రాసి, రంగు పేరు చెప్పమంటే తడబడతాం. తెలుగు మీడియంలో పది వరకు చదివినవారికీ ఇంగ్లిష్ మీడియంవారికీ ఈ తడబాటు తెలుగు పదాలతో ఎంత, ఇంగ్లిష్ పదాలతో ఎంత? సైకోపై, సైటూల్‌కిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లతో కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లోనే ఈ ప్రయోగం నడపవచ్చు. ప్రశ్నావళులు పంచడమే సైకాలజీ పరిశోధన అనుకునే అలవాటు మన దగ్గర మరీ ఎక్కువగా ఉంది. ఒక్క చిన్న ప్రయోగం చేసిన విద్యార్థి ఇంటర్వ్యూలో ప్రత్యేకంగా కనిపిస్తాడు.

పాత అధ్యయనాన్ని మళ్లీ చేయడం చిన్నతనం కాదు. 2015లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పెద్ద సమష్టి ప్రయత్నంలో 100 సైకాలజీ అధ్యయనాలను తిరిగి చేస్తే, గణాంకపరంగా నిలబడినవి సుమారు 36 శాతమే. అప్పటి నుంచి జాగ్రత్తగా చేసిన పునఃపరిశీలనకు ఈ రంగంలో గౌరవం పెరిగింది.

ఎవరిని అడుగుతున్నారో ఆలోచించండి

ఈ భాగం మీద ఎంత సమయం పెట్టినా తక్కువే. మన రాష్ట్రాల్లో సైకాలజీ విద్యార్థులకు వెంటనే తట్టే అంశం కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ పిల్లల ఒత్తిడి. ముఖ్యమైన అంశమే. కానీ ఆ పిల్లల్లో ఎక్కువమంది వయసు 16, 17 ఏళ్లు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్ల లోపువారి నుంచి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, దానికి తోడు పిల్లల సొంత అంగీకారమూ ఉండాలి. తల్లిదండ్రులు నూరు కిలోమీటర్ల దూరంలో ఉంటారు, యాజమాన్యం అనుమతి ఇవ్వడానికి నెలలు పడుతుంది. ఆ ప్రశ్న మీద నిజంగా మనసుంటే, 18 నిండిన డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులను వాళ్ల ఇంటర్ రోజుల గురించి అడిగేలా పరిశోధనను మార్చుకోవచ్చు. జ్ఞాపకం మీద ఆధారపడుతున్నామని పరిమితుల్లో రాస్తే సరిపోతుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే మొదటి ఫారం బయటికి వెళ్లాలి. కమిటీ నెలకోసారో రెండు నెలలకోసారో కూర్చుంటుంది కాబట్టి ఆ తేదీ తెలుసుకుని దాని చుట్టూ మీ క్యాలెండర్ వేసుకోండి. కాలేజీలో కమిటీ లేకపోతే యూనివర్సిటీ కమిటీ ద్వారా వెళ్లే మార్గం గైడ్‌ను అడగండి. సమ్మతి పత్రం పాల్గొనేవారికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి, ఎప్పుడైనా మధ్యలో మానేయవచ్చని అందులో స్పష్టంగా చెప్పాలి. మీ క్లాస్‌మేట్లనో జూనియర్లనో అడిగేటప్పుడు ఈ మాటకు మరీ విలువ. లెక్చరర్ ముందు నిలబెట్టి ‘అందరూ నింపండి’ అనడం సమ్మతి కాదు.

డిప్రెషన్ కొలవాలనుకునేవారు పీహెచ్‌క్యూ-9 వైపు వెళ్తారు. తొమ్మిది ప్రశ్నలు, 0 నుంచి 27 వరకు స్కోరు, ఉచితం. దాని తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననే ఆలోచనల గురించి, తనకు తాను హాని చేసుకునే ఆలోచనల గురించి అడుగుతుంది. ‘దాదాపు ప్రతిరోజూ’ అని ఒకరు గుర్తు పెడితే మీరేం చేస్తారు? పేర్లు లేని గూగుల్ ఫామ్ అయితే ఆ మనిషి ఎవరో కూడా మీకు తెలియదు. ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ఆ స్కేల్ పంచడం తప్పు అని గట్టిగా చెప్తాను. తొమ్మిదో ప్రశ్న తీసేసిన పీహెచ్‌క్యూ-8 ఉంది, మీ అధ్యయనానికి అది సరిపోవచ్చు. తొమ్మిదీ కావాలంటే ఎదురుగా కూర్చుని నింపించండి, అదే పూట జవాబులు చూడండి, ఆందోళన కలిగించే జవాబు వస్తే గైడ్‌తో కలిసి ఎవరి దగ్గరికి పంపాలో ముందే రాసిపెట్టుకోండి. ఏ పద్ధతైనా సమాచార పత్రం మీద టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 ఉండాలి, అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు. ఇంకో మాట: స్కోరు 10 దాటినవారికి ‘డిప్రెషన్ ఉంది’ అని థీసిస్‌లో రాయకండి. అది వడపోత సాధనం, రోగ నిర్ధారణ నిపుణులు చేయాల్సింది.

స్కేల్ ఎంచుకునేటప్పుడు వాడుకోవడానికి అనుమతి కావాలో అక్కర్లేదో చూసుకోండి. బెక్ డిప్రెషన్ ఇన్వెంటరీ లాంటివి కొనుక్కోవాలి. తెలుగులో ఇప్పటికే పరీక్షించిన అనువాదం ఉంటే అదే వాడండి, శోధగంగలో మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు వెతికితే కొన్నిసార్లు అనుబంధంలోనే దొరుకుతుంది. లేకపోతే ఒకరు తెలుగులోకి, అసలు ప్రతి చూడని మరొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి, రెండూ పోల్చాలి. దీనికి మూడు వారాలు కేటాయించండి.

వంద మంది అనే అలవాటు

‘శాంపిల్ ఎంత?’ అంటే ‘వంద’ అనే జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్ యూనివర్సిటీ తయారుచేసిన జీపవర్ ఉచితం, పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. 80 శాతం పవర్, 0.05 ప్రమాణం పెట్టుకుంటే, రెండు వేరియబుల్స్ మధ్య 0.3 సహసంబంధాన్ని పట్టుకోవడానికి సుమారు 85 మంది కావాలి. 0.2 అయితే సుమారు 195 మంది. రెండు గుంపుల మధ్య మధ్యస్థాయి తేడా చూడాలంటే గుంపుకు 64 మంది చొప్పున 128 మంది. తేడా చిన్నదైతే గుంపుకు దాదాపు 400 మంది చొప్పున కావాలి. ఇది ముందు తెలిస్తే, అబ్బాయిలు–అమ్మాయిలు, పల్లె–పట్నం, ఆర్ట్స్–సైన్స్ అంటూ ప్రతిదీ పోల్చాలనే కోరిక దానంతటదే తగ్గుతుంది. వంద మందిని ఎనిమిది ముక్కలు చేసి వెతికితే ఏదో ఒక చోట తేడా కనిపిస్తుంది, అది నిజమని నమ్మడానికి మాత్రం ఆధారం ఉండదు.

అందుకే పరికల్పనలు, శాంపిల్ లెక్క, విశ్లేషణ పద్ధతి మొత్తం రాసి ఓఎస్ఎఫ్ అనే ఉచిత వేదికలో తేదీతో నమోదు చేయమంటున్నాను. దీన్నే ప్రీరిజిస్ట్రేషన్ అంటారు. డేటా చూశాక ఊహను మార్చేసి ‘ముందే అనుకున్నాం’ అనే అవకాశం అప్పుడు ఉండదు. విద్యార్థికి ఇంకో లాభం కూడా ఉంది. ‘సంబంధం ఏమీ కనిపించలేదు’ అని ఫలితం వచ్చినా భయపడక్కర్లేదు. ప్రశ్న ముందే ఉంది, పద్ధతి ముందే ఉంది, జవాబు ‘లేదు’ అని వచ్చింది, అంతే. అది విఫలమైన థీసిస్ కాదు. ఫలితం రాలేదని కంగారుపడి అంకెలు దిద్దేవారి గురించి విన్నప్పుడల్లా బాధ కలుగుతుంది. వాళ్లకు ఈ ఒక్క మాట ఎవరూ చెప్పి ఉండరు.

విశ్లేషణకు జాస్ప్, జమోవి ఉచితంగా దొరుకుతాయి, ఎస్‌పీఎస్ఎస్ కోసం వెతుక్కోనక్కర్లేదు. కొన్ని స్కేళ్లలో కొన్ని వాక్యాలకు స్కోరు తిరగేయాలి. రోజెన్‌బర్గ్ ఆత్మగౌరవ స్కేల్‌లో పదింట ఐదు అలాంటివే. అది మరిస్తే స్కేల్ విశ్వసనీయతను చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా పాతాళానికి పడిపోతుంది. ఆల్ఫా వింతగా కనిపిస్తే మొదట అక్కడే చూడండి.

రాయడం పద్ధతుల అధ్యాయంతో మొదలుపెట్టండి, డేటా సేకరణ నడుస్తుండగానే అది పూర్తయిపోతుంది. ఉపోద్ఘాతం చివర్లో. రిఫరెన్సులకు జొటెరో పెట్టుకోండి. చాట్‌బాట్ ఇచ్చిన ఏ రిఫరెన్సునూ, ఆ వ్యాసాన్ని మీరు స్వయంగా తెరిచి చూడకుండా చేర్చవద్దు, లేని వ్యాసాలను కూడా అది నమ్మకంగా చెబుతుంది. గైడ్‌ను కలిసిన ప్రతిసారీ, ఏం అనుకున్నామో ఐదు వాక్యాల్లో అదే రోజు మెయిల్ చేయండి. గైడ్‌కు పది మంది విద్యార్థులుంటారు, మీ విషయం గుర్తు చేయడం మీ పనే.

పట్టా చేతికొచ్చాక

ఈ థీసిస్‌తో కౌన్సెలింగ్ చేయడానికో, క్లినికల్ సైకాలజిస్టుగా బోర్డు పెట్టడానికో హక్కు రాదు. ఆ దారి వేరు, క్లినికల్ సైకాలజిస్టు అవ్వాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ కావాలి. అటు వెళ్లేవారికి థీసిస్ ప్రవేశ ఇంటర్వ్యూలో బలం. ఉద్యోగానికి వెళ్లేవారికైతే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో యూజర్ రీసెర్చ్, మార్కెట్ పరిశోధన, హెచ్‌ఆర్ విశ్లేషణ, స్వచ్ఛంద సంస్థల్లో పథకాల మూల్యాంకనం దగ్గరగా ఉంటాయి. రెజ్యూమేలో థీసిస్ శీర్షిక ఒక్కటే రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. ‘130 మందితో అధ్యయనం రూపొందించాను, ఎథిక్స్ అనుమతి తీసుకున్నాను, స్కేల్‌ను తెలుగులోకి తెచ్చి పరీక్షించాను, జమోవిలో విశ్లేషించాను’ అని చేసిన పనిని రాయండి. గైడ్ దగ్గర సిఫారసు లేఖ వైవా అయిన నెలలోనే అడగండి, అప్పుడే వివరాలు గుర్తుంటాయి.

పాల్గొన్నవారికి, అనుమతి ఇచ్చిన కాలేజీకి ఫలితాలను ఒక పేజీ తెలుగులో రాసి పంపండి. ఇది చేసేవారు అరుదు. తమ జవాబులతో ఏం తేలిందో తెలుసుకోవడం వాళ్ల హక్కు. సాంకేతిక పదాలు లేకుండా ఆ పేజీ రాయగలిగినవారు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ‘నీ పరిశోధన గురించి రెండు నిమిషాల్లో చెప్పు’ అన్నప్పుడు తడుముకోరు. వచ్చే ఏడాది మీ జూనియర్లు అదే కాలేజీకి పర్మిషన్ లెటర్ పట్టుకెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ త్వరగా ఒప్పుకుంటారు.