ఆటను చదవడం

పాఠ్యోద్దేశం

ఒక సంఘటనను భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగానికి కారణాన్ని వెదకి, వాటిని తిరిగి సమన్వయించి చెప్పడమే విశ్లేషణ. ఈ పద్ధతిని క్రీడకు అన్వయించి చూపడం, తొందరపాటు తీర్పునకూ పరిశీలించి చేసిన నిర్ణయానికీ గల భేదాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

పద్యాన్ని చదవడానికి మన పెద్దలు ఒక క్రమాన్ని ఏర్పరచారు. మొదట పదవిభాగం, పిదప ప్రతిపదార్థం, ఆ తరువాత అన్వయం, చివరకు తాత్పర్యం. ఈ మెట్లు ఎక్కకుండా తాత్పర్యం చెప్పబూనినవాడు కవి హృదయాన్ని గాక తన ఊహను చెబుతాడు. క్రీడల విషయంలోనూ ఇంతే. ఆట ముగిసీ ముగియకముందే ‘ఫలానా వాని వల్లనే ఓడిపోయాం’ అనడం ప్రతిపదార్థం లేని తాత్పర్యం వంటిది. అందులో ఒక మనిషికి అన్యాయం జరిగే ప్రమాదం కూడా ఉంది. ఈ సత్యాన్ని గ్రహించడానికి అమెరికాలో జరిగిన ఒక కళాశాల స్థాయి ఫుట్‌బాల్ పోటీని పరిశీలిద్దాం.

అమెరికా ఫుట్‌బాల్ మనకు పరిచితమైన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతితో పట్టుకొని పరుగెత్తుతారు, విసురుతారు, అరుదుగా కాలితో తన్నుతారు. మైదానం పొడవు 100 గజాలు. రెండు కొసలా పదేసి గజాల అంత్యభాగం ఉంటుంది. దానిని ఎండ్ జోన్ అంటారు. జట్టుకు పదకొండు మంది. బంతి గల జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. బంతిని ఎండ్ జోన్‌కు చేర్చితే టచ్‌డౌన్. దానికి 6 పాయింట్లు. స్తంభాల నడుమగా బంతిని తన్నితే ఫీల్డ్ గోల్. దానికి 3 పాయింట్లు. తన్నిన బంతి స్తంభాలను చేరకుండా మైదానంలోనే పడబోతే ప్రత్యర్థి దానిని అందుకొని ఎదురు పరుగు తీయవచ్చు. ఈ చివరి నియమాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

అలబామా రాష్ట్రంలోని రెండు విశ్వవిద్యాలయాల జట్లు అలబామా, ఆబర్న్. వీటి పోటీకి ‘ఐరన్ బౌల్’ అని పేరు. 2012లో అలబామా 49-0 తేడాతో ఆబర్న్‌ను చిత్తు చేసింది. ఆ సంవత్సరం ఆబర్న్ గెలిచినవి పన్నెండింట మూడు ఆటలే. మరుసటి ఏడు గస్ మల్జాన్ శిక్షకుడై వచ్చాడు. 2013 నవంబరు 30న ఆబర్న్‌లోని జోర్డన్-హేర్ మైదానంలో ఉభయ జట్లు తలపడేనాటికి పరిస్థితి మారింది. అలబామా దేశంలో ప్రథమ స్థానంలో, ఆబర్న్ నాలుగవ స్థానంలో ఉన్నాయి. అలబామా శిక్షకుడు నిక్ సేబన్. ఆ జట్టు అంతకుముందు వరుసగా రెండేళ్లు జాతీయ విజేత.

ఇక ఆటలోని కొన్ని ఘట్టాలను విడివిడిగా చూద్దాం.

మొదటి ఘట్టం ఆట ముగియడానికి 32 సెకన్ల ముందు జరిగింది. అప్పటికి అలబామా 28-21తో ముందంజలో ఉంది. ఆబర్న్ మాటిమాటికీ ట్రే మేసన్ చేతికి బంతినిచ్చి నేలమీదుగా గజం గజం సాధిస్తూ వచ్చింది. రక్షకుల దృష్టి అంతా పరుగుపైననే నిలిచింది. ఈసారి క్వార్టర్‌బ్యాక్ నిక్ మార్షల్ బంతిని మేసన్‌కు ఇచ్చినట్లు నటించి, తానే ఎడమవైపు పరుగు తీశాడు. ఆ అంచున సామీ కోట్స్‌ను కాపాడవలసిన రక్షకుడు ఒక్క క్షణం సందిగ్ధంలో పడ్డాడు. పరుగెత్తి వచ్చేవానిని ఆపాలా, తన మనిషిని అంటిపెట్టుకోవాలా? అతడు ముందుకు అడుగు వేశాడు. అదే అదనుగా మార్షల్ గీత దాటకముందే బంతిని విసిరాడు. గీత దాటిన పిదప ముందుకు విసరడం నియమవిరుద్ధం. ఒంటరిగా నిలిచిన కోట్స్ దానిని అందుకొని ఎండ్ జోన్ చేరాడు. అది 39 గజాల టచ్‌డౌన్. ఆబర్న్ అదనపు పాయింటు కూడా సాధించడంతో ఇరుజట్లు 28 చొప్పున సమానమయ్యాయి.

ఇక్కడ నేర్పు ఎవరిది? విసిరినవానిది, అందుకున్నవానిది అని చూపరులు అంటారు. కాని రక్షకుని చేత ఆ తప్పటడుగు వేయించినది అంతకుముందు మేసన్ తీసిన పరుగులు. ఈ ఘట్టంలో బంతిని తాకని మేసన్ కూడా దీనికి కారకుడే.

రెండవ ఘట్టం చివరి సెకను. అలబామా ఆటగాడు టి.జె. యెల్డన్ పరుగెత్తి మైదానం బయటకు పోగా గడియారం సున్నాను చూపింది. సేబన్ అభ్యంతరం తెలిపాడు. నిర్ణేతలు దృశ్యాన్ని పునఃపరిశీలించి ఒక సెకను మిగిలి ఉన్నదని తేల్చారు. ఆ సెకనులో 57 గజాల ఫీల్డ్ గోల్‌కు ప్రయత్నించాలని సేబన్ నిశ్చయించి, మొదటి సంవత్సరపు ఆటగాడైన ఆడమ్ గ్రిఫిత్‌ను పంపాడు. మల్జాన్ వెంటనే విరామం కోరాడు. గోల్ స్తంభాల కింద నిలిపిన ఆటగాణ్ణి మార్చి, బంతిని అందుకొని ఎదురు పరుగు తీయడంలో ఆరితేరిన క్రిస్ డేవిస్‌ను అక్కడ ఉంచాడు. ఒకరు గెలుపు మార్గాన్ని ఆలోచించగా, మరొకరు ఆ మార్గం విఫలమైతే ఏమి జరుగగలదో కూడా ఆలోచించారు.

గ్రిఫిత్ తన్నిన బంతి స్తంభాలను చేరలేదు. డేవిస్ దానిని ఎండ్ జోన్ లోలోపల అందుకొని, ఎడమవైపు అంచుకు మళ్లి, గీతను ఆనుకొని మైదానం ఈ కొస నుండి ఆ కొసకు పరుగెత్తాడు. సాగిన దూరం సుమారు 109 గజాలు. ఎండ్ జోన్‌లోని దూరం లెక్కకు రాదు గనుక అధికారిక గణాంకాలలో అది 100 గజాలు. ఆబర్న్ 34-28తో గెలిచింది. క్రీడాలోకంలో ఈ ఘట్టానికి ‘కిక్ సిక్స్’ అని పేరు స్థిరపడింది.

డేవిస్ వేగం మెచ్చదగినదే. అయితే వేగం ఒక్కటే ఇంతటి కార్యాన్ని సాధించలేదు. ఫీల్డ్ గోల్ సమయంలో తన్నేవానికి రక్షణగా నిలిచేవారిలో అధికులు భారీకాయులు. ప్రత్యర్థి చొరబడకుండా గోడ కట్టడం వారి పని. పరుగెత్తేవానిని వెంటాడి పట్టడంలో వారికి నేర్పు తక్కువ. ఆబర్న్ ఆటగాళ్లు ఎడమ అంచువైపు తరలి వారికి అడ్డు నిలిచారు. వెనుక నుండి నెట్టడం నియమవిరుద్ధం. ఏ ఒక్కరు ఆ తప్పు చేసినా ఆ టచ్‌డౌన్ రద్దయ్యేది. ఎవరూ చేయలేదు. ఆనాటి చిత్రాన్ని డేవిస్‌ను విడిచి మిగిలినవారినే చూస్తూ మరొకసారి చూస్తే, అది ఒక వ్యక్తి పరుగు కాదని, ఒక జట్టు క్రమశిక్షణ అని బోధపడుతుంది. మన కబడ్డీలోనూ కూతకు వచ్చినవాని కాలు పట్టినవానికే చప్పట్లు దక్కుతాయి. అతడు తప్పించుకోకుండా దారి మూసినవారు ఎవరి కంటా పడరు.

ఇక మూడవ అంశం అన్నింటికంటె ముఖ్యమైనది. ఆనాడు అలబామా తరఫున అంతకుముందు ఫీల్డ్ గోల్స్‌కు ప్రయత్నించినవాడు కేడ్ ఫోస్టర్. మూడు ప్రయత్నాలూ ఫలించలేదు. ఆట ముగియగానే ఓటమి భారమంతా అతని తలపై పడింది. సామాజిక మాధ్యమాలలో అతనికి ప్రాణహాని బెదిరింపులు సైతం వచ్చాయి. ఒక విద్యార్థికి, ఒక ఆట నిమిత్తం!

ఇప్పుడు ప్రతిపదార్థం చూద్దాం. ఆ మూడింటిలో ఒకదానిని అతడు మొదట 28 గజాల దూరం నుండి చక్కగానే తన్నాడు. తన జట్టు చేసిన నియమభంగం వల్ల అది చెల్లలేదు. ఐదు గజాలు వెనుకకు జరిగి మళ్లీ తన్నవలసి వచ్చినపుడు గురి తప్పింది. మరొకటి ఆబర్న్ ఆటగాడు అడ్డగించినది. అటువంటి దానిలో తన్నినవానితోపాటు గోడ కట్టినవారి నిలకడను కూడా పరీక్షించాలి. చివరి పాదంలో ఆబర్న్ గీతకు 13 గజాల దూరంలో, నాలుగవ ప్రయత్నంలో, ఫీల్డ్ గోల్‌ను కాదని పరుగును ఎన్నుకొని అలబామా విఫలమైంది. ఆ నిర్ణయం ఫోస్టర్‌ది కాదు. మార్షల్‌వైపు అడుగు వేసినది అతడు కాదు. చివరి బంతిని తన్నినదీ అతడు కాదు. అతని లోపం కొంత ఉన్నది. లేదనడం విశ్లేషణ కాదు, జాలి. కాని ఆ లోపం ఎంత, ఇతరులది ఎంత అని తూచి చెప్పడమే న్యాయం.

ఆ తరువాత అమెరికా మాజీ అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్ అతనికి స్వహస్తాలతో ఓదార్పు లేఖ వ్రాశాడు. ఫోస్టర్ అంగీపై సంఖ్య 43. బుష్ ఆ దేశానికి 43వ అధ్యక్షుడు. ఈ సామ్యం ఆ లేఖకు ఒక ఆత్మీయతను చేకూర్చింది.

కన్ను సహజంగా బంతి వెంటనే పోతుంది. దానిని మరల్చి బంతి లేనివారిని కూడా చూడడం అభ్యాసంతో అలవడే విద్య. ఈ విద్య మైదానానికే పరిమితం కాదు. పరీక్షాఫలితం, కుటుంబకలహం, ఎన్నికల ఓటమి, ఏది ఎదురైనా ఒక్కని పేరు చెప్పి ముగించాలనే తొందర మనలో కలుగుతుంది. అట్టి వేళ తాత్పర్యాన్ని కొంతసేపు ఆపి ప్రతిపదార్థం చెప్పుకోవడం వివేకవంతుల లక్షణం.

కఠిన పదాలు – అర్థాలు

ప్రతిపదార్థం : ప్రతి పదానికీ చెప్పే అర్థం
అన్వయం : పదాలను అర్థానుగుణంగా కూర్చడం
సందిగ్ధం : ఎటూ తేలని స్థితి
అదను : తగిన సమయం
సామ్యం : పోలిక

అభ్యాసం

1. చివరి సెకనులో ఇద్దరు శిక్షకులు తీసుకున్న నిర్ణయాలను పోల్చి వ్రాయండి.
2. ‘లేదనడం విశ్లేషణ కాదు, జాలి’ – సందర్భసహిత వ్యాఖ్య వ్రాయండి.
3. మీరు చూసిన ఒక ఆటలో బంతిని తాకని ఆటగాడు ఫలితాన్ని నిర్ణయించిన ఘట్టాన్ని పది వాక్యాలలో విశ్లేషించండి.