పువ్వు వాడాకే అసలు పని

మార్చి, ఏప్రిల్ నెలల్లో హైదరాబాద్ బాల్కనీల్లో, విజయవాడ మిద్దెల మీద ఎర్రటి అమరిల్లిస్ పూస్తుంది. ఆకు కూడా సరిగ్గా రాకముందే లావుపాటి కాడ లేస్తుంది, దాని కొసన బూరల్లాంటి పువ్వులు మూడో నాలుగో విచ్చుకుంటాయి. ఆ వారం కుండీకి రాజభోగం. ఫొటోలు, వాట్సాప్ స్టేటస్‌లు, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించడాలు. పువ్వు వాడగానే కుండీ నీళ్ల ట్యాంకు వెనక్కి పోతుంది. మరుసటి ఏడు ఆకులు వస్తాయి, మొగ్గ రాదు. అప్పుడు తిట్లు నర్సరీవాడికి.

పాపం, అతనికేం సంబంధం? అమరిల్లిస్ దుంపను కోసి చూస్తే ఉల్లిపాయలాగే పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల్లో సుమారు నాలుగు ఆకులకు ఒక మొగ్గ చొప్పున లోపలే తయారవుతుంటుంది. మొగ్గ లోపల పుట్టి బయటికి రావడానికి దాదాపు ఏడాది. అంటే ఈ వేసవిలో మీరు స్టేటస్ పెట్టుకున్న పువ్వు నిరుటి ఆకుల కష్టం. వచ్చే వేసవి పువ్వేమో ట్యాంకు వెనక నీడలో పాలిపోతున్న ఈ ఆకుల చేతిలో ఉంది.

మనుషుల సంగతీ అంతే. ప్రమోషన్ వచ్చిన నెలలో మనవాళ్లు మొట్టమొదట మానేసేది ఏమిటో గమనించారా? ఆ ప్రమోషన్ తెచ్చిపెట్టిన అలవాటునే. పొద్దున్నే అరగంట చదివేవాడు ఆ చదువు ఆపేస్తాడు. పాత ఖాతాదారులకు తనే ఫోన్ చేసి పలకరించే షాపు యజమాని, బేరం పుంజుకోగానే ఆ పని కుర్రాడికి అప్పజెబుతాడు. పోటీ పరీక్ష నెగ్గిన అమ్మాయి పుస్తకాలు అటక ఎక్కిస్తుంది. రెండేళ్లు పోయాక అందరిదీ ఒకటే మాట, ‘అప్పటి ఊపు ఇప్పుడు లేదండీ’ అని. ఎలా ఉంటుంది, దానికి తిండి పెట్టడం మానేస్తే?

కాబట్టి పువ్వు వాడిన రోజునే పని మొదలుపెట్టండి. కాడ మెత్తబడ్డాక దుంపకు రెండంగుళాల పైన కోసెయ్యండి. ఆకుల జోలికి మాత్రం పోకండి. అందంగా లేవని కత్తిరించడం, జడలా అల్లి ముడి వేయడం రెండూ తప్పే. రోజుకు నాలుగైదు గంటలు ఎండ తగిలేచోట కుండీ పెట్టండి. పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మీ కంపోస్టు, నెలకోసారి కాస్త వేపపిండి చాలు. యూరియా వద్దు. నత్రజని మోతాదు మించితే ఆకులు ఏపుగా పెరుగుతాయి, చూసినవాళ్లు ‘అబ్బ, ఎంత బాగుందో’ అంటారు, మొగ్గ మాత్రం రాదు. పొగడ్తకు మనం వేసుకునే ఎరువు కూడా చాలాసార్లు ఇలాంటిదే. వానాకాలంలో నల్లటి ఒంటిమీద తెల్ల, నారింజ మచ్చలున్న గొంగళిపురుగులు వస్తాయి. రెండు రాత్రుల్లో ఆకులన్నీ నమిలేస్తాయి. మందులు వెతికేలోపు చేత్తో ఏరెయ్యడమే మేలు. ఆకు అడుగున కూడా చూడండి.

ఇంతా చేశాక, దీపావళి దాటిన తర్వాత నీళ్లు తగ్గించండి. ఇది చాలామందికి చేతకాని పని. ఊరికే ఉండలేరు. కుండీ ఎండిపోయి కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది, చెంబెడు పోసేస్తారు. నిద్రలో ఉన్న దుంపకు ఆ నీళ్లు అక్కర్లేదు, అడుగు నుంచి కుళ్లడం మొదలవుతుంది. ఫుట్‌బాల్ లిల్లీ సంగతి మరీ అన్యాయం. మే నెలలో తొలి జల్లులకు గుండ్రటి ఎర్రబంతిలా పూసి, వానాకాలమంతా పచ్చగా ఉండి, చలికాలంలో ఆకు కూడా మిగలకుండా మాయమవుతుంది. ఖాళీ కుండీ అనుకుని అందులో కొత్తిమీర చల్లేవాళ్లున్నారు. కుండీ మీద పేరు రాసిపెట్టండి, పక్కనే మళ్లీ నీళ్లు మొదలుపెట్టే నెల కూడా రాయండి. అమరిల్లిస్‌కైతే ఫిబ్రవరి.

మీ విశ్రాంతికి కూడా అలా ఒక తేదీ రాసుకోండి. ‘కొన్నాళ్లు ఆగుదాం’ అనేది బద్ధకం. ‘సంక్రాంతి దాకా ఏమీ పట్టించుకోను, కనుమ మర్నాడు మొదలుపెడతాను’ అనేది విశ్రాంతి. తేదీ లేని సెలవులో మనిషి సగం పనిచేస్తాడు, సగం బాధపడతాడు. రెండూ పూర్తిగా చెయ్యడు.

ఇక తులిప్‌ల మోజు గురించి. శ్రీనగర్‌లో జబర్వాన్ కొండల కింద 2007లో తెరిచిన తులిప్ తోట ఫొటోలు చూసి, ఆన్‌లైన్‌లో దుంపలు తెప్పించుకునేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. తులిప్ పూయాలంటే పన్నెండు నుంచి పదహారు వారాల గట్టి చలి కావాలి. కశ్మీర్ శీతాకాలం ఆ పని ఊరికే చేసిపెడుతుంది. ఇక్కడ ఫ్రిజ్‌లో పెట్టాలి, అదీ యాపిల్ పండ్లకు దూరంగా, ఎందుకంటే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపేస్తుంది. ఇన్ని తంటాలు పడినా ఒక్క ఏడాది ముచ్చట. సరదాకి చేస్తే చెయ్యండి, నేను కాదనను. దాన్నే నమ్ముకుని తోట వెయ్యకండి.

అలాగని పరాయి దేశపు మొక్కలన్నీ వద్దనడం కాదు. మన మాలల్లోని లిల్లీ, అదే నేల సంపెంగ, పుట్టింది మెక్సికోలో. అమరిల్లిస్‌ది దక్షిణ అమెరికా, ఫుట్‌బాల్ లిల్లీది ఆఫ్రికా. మన వేడికి మూడూ సుఖంగా ఒదిగిపోయాయి. లక్ష్యం పెట్టుకునేటప్పుడు కూడా ఆ సంగతే అడగండి. ఎవరిదో చూసి పెట్టుకున్నామా అన్నది పెద్ద విషయం కాదు. మనం రోజూ ఉండే ఇల్లు, వేళలు, చేతిలో ఉన్న డబ్బు దాన్ని బతకనిస్తాయా? నైట్ షిఫ్టు చేసేవాడు తెల్లవారుజామున నాలుగింటికి లేవాలని తీర్మానం చేసుకోవడం హైదరాబాద్‌లో తులిప్ వెయ్యడమే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాలల్లోని లిల్లీతోనే మొదలుపెట్టండి. కడియం నర్సరీల్లో దుంపలు దొరుకుతాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన శృంగార్, ప్రజ్వల్ ఒంటిరేకు రకాలు, వాసన బాగుంటుంది. బొటనవేలితో అడుగున నొక్కి చూడండి, గట్టిగా, చేతికి బరువుగా ఉండాలి. మెత్తగా ఉన్నది ఊరికే ఇచ్చినా తీసుకోకండి. రెండు మూడు సెంటీమీటర్ల దుంపను రెండంగుళాల లోతున నాటితే మూడు నెలల్లో కాడ వేస్తుంది. అమరిల్లిస్‌ను అలా పూడ్చకూడదు, మెడ దగ్గర మూడోవంతు మట్టి పైనే ఉండాలి. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమపాళ్లలో కలిపితే నీళ్లు నిలవవు.

ఒకసారి పూసిన లిల్లీ దుంప మళ్లీ పూయదు, చుట్టూ పెట్టిన పిల్లదుంపలే ఆ తర్వాత పూస్తాయి. రెండు మూడేళ్లకు కుండీ కిక్కిరిసిపోతే తవ్వి, విడదీసి, మిగిలినవి ఇరుగుపొరుగుకు పంచండి. అమరిల్లిస్ పిల్లలు ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పి ఇవ్వండి. ఇవి పూయడానికి రెండు మూడేళ్లు పడుతుందని ఒకటి. చూడ్డానికి ఉల్లిగడ్డలా ఉన్నా విషమనీ, వంటింట్లో ఉల్లిపాయల బుట్ట దగ్గర పెట్టొద్దనీ రెండోది.