అవయవాలు తారుమారైన శరీరం – కీహోల్ ఆపరేషన్

ఈ వార్షికోత్సవ సంచికలో మేము చదువుకుంటున్న జంతుశాస్త్రం నుండి ఒక వింతను, దాని వెనుక ఉన్న పాఠాన్ని మీ ముందు ఉంచుతున్నాం.

గుండె కొన ఎడమకు, కాలేయం, పిత్తాశయం, ఉండుకం కుడికి అని మనమంతా పరీక్షల్లో బొమ్మలు గీసినవాళ్లమే. కానీ సుమారు పదివేల మందిలో ఒకరికి ఇవన్నీ అద్దంలో ప్రతిబింబంలా తారుమారుగా ఉంటాయి. దీనిని ‘సైటస్ ఇన్వర్సస్ టోటాలిస్’ అంటారు. ఇది దానంతట అది జబ్బు కాదు. ఎక్స్‌రేనో, స్కానింగో తీసేదాకా చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఎందుకిలా జరుగుతుంది?

తల్లి కడుపులో పిండానికి మూడో వారం నడుస్తున్నప్పుడు, ఒక చిన్న గుంటలోని శైలికలు గిర్రున తిరుగుతూ ద్రవాన్ని ఎడమవైపుకు నెడతాయి. ‘ఇది ఎడమ’ అని పిండానికి తెలిసేది ఆ ప్రవాహం వల్లనే. ఈ విషయాన్ని 1998లో జపాన్ శాస్త్రవేత్తలు ఎలుక పిండాలలో చూపించారు. శైలికలు కదలకపోతే అవయవాలు ఎటు అమరుతాయన్నది బొమ్మా బొరుసా వేసినట్లే. అందుకే పుట్టుకతో శైలికల లోపం ఉన్నవారిలో దాదాపు సగం మందికి అవయవాలు తారుమారుగా ఉంటాయి. వీరికి తరచూ దగ్గు, జలుబు, ఊపిరితిత్తుల జబ్బు కూడా ఉంటాయి. 1933లో దీనిని వివరించిన వైద్యుని పేరు మీద కార్టజెనర్ సిండ్రోమ్ అంటున్నారు.

సర్జన్‌కు వచ్చే చిక్కు

పిత్తాశయాన్ని చిన్న రంధ్రాల ద్వారా తొలగించే ఆపరేషన్‌ను 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూ మొదటిసారి చేశారు. మన దేశంలో 1990లో ముంబైలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా చేశారు. తారుమారైన శరీరంలో చేసిన ఆపరేషన్ గురించి 1991లోనే వైద్య పత్రికలో వచ్చింది.

మామూలుగా సర్జన్ రోగికి ఎడమవైపు నిలబడతారు. బొడ్డు దగ్గర కెమెరా ఉంటుంది. రొమ్ము ఎముక కింది రంధ్రం నుండి కుడిచేత్తో కోస్తూ, కుడి పక్కటెముకల కింది రంధ్రం నుండి ఎడమచేత్తో పిత్తాశయాన్ని పట్టి లాగుతారు. తారుమారైన శరీరంలో సర్జన్ కుడివైపుకు రావాలి. టీవీ తెర, రంధ్రాలు అన్నీ ఎడమకు మారాలి. అప్పుడు కోసే పని ఎడమచేతికి వస్తుంది! కుడిచేత్తోనే చేయబోతే చేతులు ఒకదానికొకటి అడ్డం పడతాయి. అందుకే కొందరు పిత్తాశయాన్ని పట్టుకునే పని సహాయకునికి అప్పగిస్తారు. కొందరు రోగి కాళ్ల మధ్య నిలబడి చేస్తారు. ఎడమచేతి వాటం సర్జన్లకు మాత్రం ఇది సులువు. ఎడమచేత్తో రాసి దెబ్బలు తిన్న తమ్ముళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి!

అసలు ప్రమాదం పిత్తనాళం దగ్గర ఉంది. పొరపాటున ప్రధాన నాళాన్ని కోస్తే పైత్యరసం కడుపులోకి కారుతుంది, కామెర్లు వస్తాయి, మళ్లీ పెద్ద ఆపరేషన్ తప్పదు. కాబట్టి పిత్తాశయంలోకి వెళ్లేవి ఒక నాళం, ఒక ధమని, రెండే అని స్పష్టంగా కనిపించే వరకు దేనినీ కోయకూడదు. 1995 నుండి ప్రచారంలోకి వచ్చిన ఈ నియమం ఏ శరీరానికైనా ఒకటే.

మనం చేయవలసింది

ఇలాంటివారికి పిత్తాశయంలో రాళ్లుంటే నొప్పి ఎడమ పక్కటెముకల కింద రావచ్చు. ఉండుకం వాస్తే పొత్తికడుపు ఎడమవైపు రావచ్చు. కొందరిలో మధ్యలోనో, కుడివైపో కూడా తెలుస్తుంది. ‘ఎడమవైపు కదా, గ్యాస్ నొప్పే’ అని సోడా తాగి పడుకుంటే, ఉండుకం లోపలే పగిలి ప్రాణం మీదికి రావచ్చు. తగ్గని కడుపునొప్పి, దానితో జ్వరం, వాంతులు ఉంటే ఏ పక్క నొప్పి అని చూడక వార్డెన్ గారికి చెప్పి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మనలో చాలామందిమి ఇంట్లో మొదటగా చదువుకున్నవాళ్లం. అమ్మానాన్నల ఆస్పత్రి కాగితాలు చదివి చెప్పవలసింది మనమే. గుండె కుడివైపు ఉందని రిపోర్టులో కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకుండా డాక్టరు గారిని అడగండి. నిజమైతే ఆ కాగితాన్ని భద్రపరచి, ప్రతి డాక్టరుకూ ముందే చూపించండి. ఆపరేషన్ బల్ల ఎక్కకముందే ఆ ఒక్క మాట తెలిస్తే, సర్జన్ ఎటువైపు నిలబడాలో ముందే నిర్ణయించుకుంటారు. మన చదువు ఇంటివాళ్లకు ఆపాటి అక్కరకు వస్తే అంతకంటే ఏం కావాలి!