సులభముగా లోబడు గుణము

పాఠ్యభాగములు: యాకోబు 3:13–18, 1 సమూయేలు 25



పైనుండి వచ్చు జ్ఞానము ఎట్టిదో వివరించుచు, అది సులభముగా లోబడునని యాకోబు వ్రాసెను. ఇచ్చట వాడబడిన గ్రీకు మాట క్రొత్త నిబంధనలో మరెచ్చటను కనబడదు. న్యాయమైన మాట చెప్పినప్పుడు ఒప్పుకొనువాడని దాని భావము. ముకుతాడు బిగించి లాగినగాని తిరుగని ఎద్దు ఒకటి, అదలింపు వినగానే తిరుగు ఎద్దు ఒకటి. దున్నువానికి ఏది ప్రియమో మీరెరుగుదురు. కీర్తన 32:9 ఈ భేదమునే నేర్పుచున్నది.

1. మాట చెప్ప వీలులేని మనుష్యుడు: నాబాలునకు మూడువేల గొఱ్ఱెలు, వెయ్యి మేకలు ఉండెను. అయితే అతనితో ఎవరును మాటలాడజాలరని అతని పనివాడే చెప్పెను (17వ వచనము). అపాయమును ఎరిగిన ఆ పనివాడు యజమానుని విడిచి అబీగయీలు నొద్దకు పోయెను. మూర్ఖుని యింట రాబోవు కీడు అందరికిని తెలియును, ఇంటి యజమానునికి మాత్రము తెలియదు.

2. మాట వినిన మనుష్యుడు: దావీదు కత్తి కట్టుకొని, నాలుగువందల మందితో బయలుదేరెను, ఒట్టు కూడ పెట్టుకొనెను. అయినను ఒక స్త్రీ ఎదురువచ్చి బ్రతిమాలగా వెనుకకు తిరిగి, తన్ను ఆపినందుకు దేవుని స్తుతించెను. తనవారందరి యెదుట మనసు మార్చుకొనుట అతనికి అవమానముగా తోచలేదు. నయమాను సయితము తన దాసుల మాట వినియే యొర్దానులో దిగి శుద్ధుడాయెను (2 రాజులు 5:13, 14).

3. ప్రతి మాటకును లోబడరాదు: యూదానుండి వచ్చిన దైవజనుడు దేవుని ఆజ్ఞ నెరిగియు, ముసలి ప్రవక్త పలికిన అబద్ధమును నమ్మి అతని వెంట పోయెను. తిరిగి వచ్చు త్రోవలో సింహము అతని చంపెను (1 రాజులు 13). కాబట్టి యాకోబు మొదట పవిత్రతను చెప్పి, లోబడుటను ఆ తరువాత చెప్పెను.

మన సంఘములలో గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకముల తగాదాలు ఏండ్ల తరబడి ఏల నిలుచుచున్నవి? న్యాయమేదో ఇరువురికిని తెలియును. ముందు తగ్గుటకే ఎవరికిని మనసు రాదు. ఇంతలో పిల్లలు పెరిగి ఆ పగనే ఆస్తిగా పంచుకొందురు.

ఆలోచించుడి: నీ యింటిలో నీకు నిజము చెప్పుటకు జంకువారు ఎవరు? భార్యయా, కుమారుడా, పాలేరా? ఈ వారమే వారిని పిలిచి అడుగుము. వారు చెప్పి ముగించువరకు అడ్డుపడక వినుము. ఆ మాట న్యాయమైనదైతే, ఆ దినముననే లోబడుము.