ముక్కులో రెండు చుక్కలు

మా అన్నయ్య కొడుకు ఇంట్లో ఫ్రిజ్ తెరిస్తే పెరుగు గిన్నె వెనక బొటనవేలంత గాజు సీసా కనిపించింది. చీటీ మీద చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలు: పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు.

"ఇదేంట్రా?"

"పెప్టైడ్ బాబాయ్. సెమాక్స్ అంటారు. పొద్దున్నే ముక్కులో రెండు చుక్కలు వేసుకుంటే రెండు గంటలు కుర్చీలోంచి లేవకుండా కోడ్ రాస్తున్నా."

నవ్వొచ్చింది. వీడికి మాటలు త్వరగా రావాలని మా వదిన వసకొమ్ము అరగదీసి నాకించింది. పదో తరగతిలో సరస్వతి లేహ్యం అయింది. ఇప్పుడు ముక్కు వంతు వచ్చినట్టుంది. అలాగని నవ్వి వదిలేయడం కూడా న్యాయం కాదు, సెమాక్స్ వెనక కొంత సైన్సు ఉంది.

ఎమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చుకుంటే అది పెప్టైడ్. దండ బాగా పొడుగైతే ప్రొటీన్. షుగరు రోగులు పొడుచుకునే ఇన్సులిన్ 51 పూసల పెప్టైడే. మింగితే కందిపప్పును అరిగించుకున్నట్టే కడుపు దాన్నీ అరిగించేసుకుంటుంది. అందుకే సూది. సెమాక్స్‌కి ముక్కు దారి ఎంచుకున్నదీ అందుకే. 39 పూసలుండే ఏసీటీహెచ్ అనే హార్మోన్‌లోని చిన్న ముక్కను ఆధారం చేసుకుని 1980ల్లో మాస్కోలో ఈ ఏడు పూసల దండను తయారు చేశారు. రష్యాలో డాక్టర్లు పక్షవాతం రోగులకు రాస్తారు. అమెరికాలో ఎఫ్‌డీఏ ఆమోదం లేదు.

అసలు ఈ ముచ్చట ఇంకా పాతది. 1960ల్లో నెదర్లాండ్స్‌కి చెందిన డేవిడ్ డి వీడ్ ఏసీటీహెచ్ ముక్కల్ని ఎలుకలకు ఎక్కించి చూస్తే, నేర్చుకున్న పాఠాన్ని అవి అంత త్వరగా వదల్లేదు. తర్వాత మనుషుల మీదా ప్రయత్నించారు. ఒకచోట కనిపించిన ఫలితం ఇంకోచోట కనిపించలేదు. ఎలుక పాసైన పరీక్షలో మనిషి తప్పడం ఈ రంగంలో కొత్తేమీ కాదు. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో పుట్టిన డైహెక్సా అనే మందు మీదా ఇలాగే ఆశలు పెట్టుకున్నారు. అదే పరిశోధన నుంచి పుట్టిన అథిరా కంపెనీ అధిపతి, పాత పరిశోధన పత్రాల్లో బొమ్మలు మార్చిన వ్యవహారం బయటపడి 2021లో తప్పుకున్నారు. వాళ్ల మందు 2024లో అల్జీమర్స్ రోగుల మీద జరిగిన పరీక్షలో తేలిపోయింది.

ఇక ఏ జబ్బూ లేని ముప్పయ్యేళ్ల కుర్రాడికి ఈ చుక్కలతో ఏకాగ్రత పెరుగుతుందని నమ్మదగ్గ పెద్ద పరీక్షేదీ చెప్పలేదు. చీటీ మీద రాసిందే సీసాలో ఉందని పూచీ పడేవాడూ లేడు.

"కానీ నాకు తెలుస్తోంది కదా బాబాయ్, పనిచేస్తోందని!"

నాకు పేచీ అక్కడే. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో చేసిన ఒక ప్రయోగం 2003లో అచ్చయింది. కొందరిని 14 రాత్రులు ఆరేసి గంటలే పడుకోనిచ్చారు. వాళ్ల ధ్యాస రోజురోజుకీ సడలిపోయి, చివరికి ఒక రాత్రంతా కన్ను మూయనివాళ్ల స్థాయికి దిగింది. అడిగితే మాత్రం కాస్త మగతగా ఉంది, అంతే అన్నారు. తన పనితనం ఎంత తగ్గిందో బుర్రకే తెలియనప్పుడు, ఎంత పెరిగిందో చెబితే ఎలా నమ్మడం?

మర్నాడు ఆరింటికి వాడి గదిలోనే కాఫీ పట్టుకుని కూర్చున్నాను. తల వెనక్కి వంచి చుక్కలు వేసుకున్నాడు. తర్వాత వంటింట్లోకెళ్లి ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాడు. గది తలుపు వేసుకున్నాడు.

"ఫోన్ అక్కడెందుకురా?"

"సీసా ఎంత ఖరీదో తెలుసా? చుక్కలేసుకుని ఇన్‌స్టా చూస్తే డబ్బు దండగ. అందుకే రాత్రి పదింటికే పడుకుంటున్నా కూడా."

కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ల చూపు ఒక తెర మీద సగటున 47 సెకన్లే నిలుస్తోందని కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్ గ్లోరియా మార్క్ లెక్క తేల్చారు. ఆమె 2004లో కొలిచినప్పుడు అది రెండున్నర నిమిషాలు. మావాడు ఆ పూట గంటా నలభై నిమిషాలు తల తిప్పలేదు. అందులో చుక్కల వాటా ఎంత, నిద్ర వాటా ఎంత, బియ్యం డబ్బా వాటా ఎంత అని అడిగాను. మొహం చిట్లించాడు గానీ జవాబు చెప్పలేదు.

తర్వాతి సీసా కస్టమ్స్‌లో ఇరుక్కుంది. మూడు వారాలు. ఈమధ్య ఫోన్ చేస్తే ఎత్తలేదు, పదిన్నరకి తనే చేశాడు. ఫోన్ డబ్బాలో ఉందట.

"పార్శిల్ వచ్చిందా?"

"వచ్చి నాలుగు రోజులైంది. ఫ్రిజ్‌లో పెట్టా."

"మొదలెట్టావా మరి?"

"రేపట్నుంచి బాబాయ్."