ఫొటో ఎడిటింగ్‌లో స్క్రీన్ నల్లబడుతోందా? గ్రాఫిక్స్ డ్రైవర్‌ని వరసగా పరీక్షిద్దాం



పెళ్లి ఫొటోలు ఆరు వందలున్నాయి, రేపు పొద్దున్నకి ఇచ్చేయాలి అనుకోండి. ఫొటోషాప్ తెరిచి జూమ్ చేయగానే బొమ్మ మీద నల్లటి గళ్లు వస్తున్నాయి. లేదా లైట్‌రూమ్‌లో స్లైడర్ జరపగానే స్క్రీన్ ఒక్క క్షణం చీకటైపోయి, మళ్లీ వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. అప్పుడు మనలో చాలామంది ఏం చేస్తారు? కంగారులో నాలుగైదు చిట్కాలు ఒకేసారి చేసేస్తారు. ఇంకొందరు విండోస్ మొత్తం చెరిపేసి మళ్లీ వేస్తారు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు! మరికొందరు కొత్త ల్యాప్‌టాప్‌కి ఈఎంఐ కట్టడం మొదలుపెడతారు. తీరా చూస్తే తప్పు డ్రైవర్‌ది అయ్యుంటుంది. దాన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు.

అందుకే ఈ పాఠంలో ఒకే ఒక్క నియమం పెట్టుకుందాం: ఒకసారికి ఒక్క మార్పు, ఆ వెంటనే ఒక పరీక్ష. దేనివల్ల బాగయిందో తెలియాలంటే ఇదొక్కటే దారి.

అసలు డ్రైవర్ అంటే ఏమిటి?

గ్రాఫిక్స్ కార్డుకి దాని భాష దానికుంటుంది. విండోస్‌కీ ఫొటోషాప్‌కీ ఆ భాష నేరుగా రాదు. మధ్యలో ఉండే దుబాసీయే డ్రైవర్. దుబాసీ తప్పు చెప్తే ఇటువాళ్లూ అటువాళ్లూ మంచివాళ్లే అయినా పని చెడుతుంది కదా, ఇక్కడా అంతే.

"గేములు బాగానే ఆడుతున్నాయి, మరి ఫొటోషాప్‌లోనే ఎందుకు?" అని అడుగుతారు చాలామంది. మంచి ప్రశ్న. గేము కార్డుని ముఖ్యంగా బొమ్మలు గీయడానికి వాడుతుంది. ఫొటో సాఫ్ట్‌వేర్ దానితో లెక్కలు కూడా గట్టిగా చేయిస్తుంది. 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్ క్లాసిక్‌కి వచ్చిన ఏఐ డినాయిజ్ లాంటివి కార్డు మీద చాలా భారం వేస్తాయి. డ్రైవర్‌లో ఈ లెక్కల భాగంలో లోపం ఉంటే గేములో అది బయటపడకపోవచ్చు.

ఇంకో సంగతి. కార్డుకి అప్పగించిన పని మామూలుగా 2 సెకన్లలో కదలకపోతే, అది బిగుసుకుపోయిందని విండోస్ అనుకుంటుంది. వెంటనే డ్రైవర్‌ని తనే రీసెట్ చేస్తుంది. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి మళ్లీ రావడానికి తరచూ కారణం ఇదే. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరిచి 4101 నంబరు ఉన్న హెచ్చరిక కోసం చూడండి. అది ఉంటే డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి మళ్లీ లేచిందని అర్థం.

మొదటి అడుగు: పనిని కాపాడుకోండి

ఏదైనా ముట్టుకునే ముందు ఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేయండి. లైట్‌రూమ్ వాడేవాళ్లు కేటలాగ్‌కి బ్యాకప్ తీసుకోండి. స్క్రీన్ మీద గళ్లు కనిపించినంత మాత్రాన ఫొటో పాడైందని కాదు. ఒక జేపెగ్ ఎక్స్‌పోర్ట్ చేసి ఫోన్‌లో చూడండి. అక్కడ శుభ్రంగా ఉంటే మీ ఫొటో క్షేమం, గొడవంతా చూపించడంలోనే. ఈ ఒక్క పరీక్షతో సగం కంగారు తగ్గిపోతుంది.

రెండో అడుగు: మూడు ప్రశ్నలు

ఒక కాగితం తీసుకుని వీటికి జవాబులు రాయండి.

1. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారింది? గుర్తు లేకపోతే స్టార్ట్ మెనూలో 'రిలయబిలిటీ' అని వెతకండి. ఏ తేదీన ఏ అప్‌డేట్ వచ్చింది, ఏ సాఫ్ట్‌వేర్ పడిపోయింది అన్నది రోజువారీగా కనిపిస్తుంది.
2. ఒక్క సాఫ్ట్‌వేర్‌లోనా, అన్నిటిలోనా?
3. ఒక్క ఫొటోకేనా, అన్నిటికీనా? ఒక్క ఫొటోకే వస్తే ముందు ఆ ఫైల్‌ని అనుమానించండి.

మూడో అడుగు: కార్డుని పక్కన పెట్టి చూడండి

ఫొటోషాప్‌లో ఎడిట్ మెనూ, ప్రిఫరెన్సెస్, పర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి 'యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్' దగ్గర టిక్ తీసేయండి. లైట్‌రూమ్ క్లాసిక్‌లోనూ ప్రిఫరెన్సెస్‌లో పర్ఫార్మెన్స్ కిందే ఉంటుంది, దాన్ని 'ఆఫ్'లో పెట్టండి. డార్క్‌టేబుల్, అఫినిటీ ఫొటో వాడేవాళ్లు ఓపెన్‌సీఎల్ ఆఫ్ చేయండి. సాఫ్ట్‌వేర్ మూసి, మళ్లీ తెరిచి, ఇందాక చెడిన పనే మళ్లీ చేయండి.

గళ్లు పోయాయా? అయితే అనుమానం కార్డు మీదికో డ్రైవర్ మీదికో వచ్చింది. నాలుగో అడుగుకి వెళ్లండి.

పోలేదా? అప్పుడు డ్రైవర్ జోలికి వెళ్లే ముందు వేరే కారణాలు చూడాలి: ర్యామ్ చాలకపోవడం, స్క్రాచ్ డిస్క్ నిండిపోవడం, ఏదో ప్లగిన్, చెడిపోయిన సెట్టింగ్స్. ఫొటోషాప్ తెరుచుకునేటప్పుడు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కి పట్టుకుంటే సెట్టింగ్స్ మొదటికి తేవాలా అని అడుగుతుంది. సరే అంటే మీరు మార్చుకున్నవన్నీ పోతాయి, కాబట్టి ముందే రాసిపెట్టుకోండి. తెల్లటి ఫొటో అంతా ఒకే తీరుగా పసుపు రంగులో కనిపిస్తుంటే మాత్రం అది చాలాసార్లు మానిటర్ కలర్ ప్రొఫైల్ గొడవ. రోగం ఒకటి, మందు ఒకటి కాకూడదు!

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కార్డు ఆఫ్ చేయడం పరీక్ష మాత్రమే, వైద్యం కాదు. "పని నడుస్తోంది కదా" అని అలాగే వదిలేస్తే ఫొటోషాప్‌లో కాన్వాస్ తిప్పడం, స్క్రబీ జూమ్, ఆయిల్ పెయింట్ ఫిల్టర్ లాంటివి పని చేయవు. ఇవాళ డెలివరీ ఉంటే ఆఫ్‌లోనే పని ముగించి ఫొటోలు ఇచ్చేయండి. రేపు తీరిగ్గా కూర్చుని అసలు తప్పు పట్టుకోండి.

నాలుగో అడుగు: మీ కార్డు ఏదో తెలుసుకోండి

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్‌లో 'డిస్‌ప్లే అడాప్టర్స్' తెరవండి. అక్కడ 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని మాత్రమే ఉంటే, మీ కార్డుకి అసలు డ్రైవరే ఎక్కలేదని అర్థం. చాలా ల్యాప్‌టాప్‌లలో రెండు పేర్లు ఉంటాయి, ఉదాహరణకి ఇంటెల్ ఒకటి, ఎన్విడియా ఒకటి. రెండింటికీ విడివిడిగా డ్రైవర్లు ఉంటాయి. కొత్త ఫొటోషాప్‌లో హెల్ప్ మెనూలోని 'జీపీయూ కంపాటిబిలిటీ' మీ కార్డు సరిపోతుందో లేదో చెప్తుంది. కార్డే చాలనప్పుడు డ్రైవర్‌ని ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

ఐదో అడుగు: డ్రైవర్ మార్చండి, ముందుకో వెనక్కో

అప్‌డేట్ వచ్చిన తర్వాతే గొడవ మొదలైందా? అయితే వెనక్కి వెళ్లండి. డివైస్ మేనేజర్‌లో కార్డు మీద రెండుసార్లు క్లిక్ చేసి, డ్రైవర్ ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కండి. ఆ బటన్ మసకగా ఉంటే పాత డ్రైవర్ కంప్యూటర్‌లో లేదన్నమాట. అప్పుడు కంపెనీ సైట్ నుంచి పాత వెర్షన్ దించుకోండి. ఆ తర్వాత విండోస్ అప్‌డేట్ దాన్ని మళ్లీ మార్చేసిందేమో ఒక కన్నేసి ఉంచండి.

నెలల తరబడి డ్రైవర్‌ని ముట్టుకోలేదా? అయితే ముందుకి వెళ్లండి. "బెస్ట్ డ్రైవర్ ఇప్పటికే ఉంది" అని విండోస్ చెప్పినా అక్కడితో ఆగకండి. ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ సైట్లలో కానీ, మీ ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో కానీ కొత్తది ఉందేమో చూడండి. ఎన్విడియాలో రెండు రకాలుంటాయి: గేమ్ రెడీ, స్టూడియో. 2019లో వచ్చిన స్టూడియో డ్రైవర్లని ఎడిటింగ్ లాంటి పనులు చేసేవాళ్ల కోసమే పరీక్షించి విడుదల చేస్తారు. మన పనికి అదే ఎంచుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'కస్టమ్'లో 'క్లీన్ ఇన్‌స్టలేషన్' టిక్ పెడితే పాత సెట్టింగ్స్ తుడిచిపెట్టుకుపోతాయి. తర్వాత కంప్యూటర్ తప్పకుండా రీస్టార్ట్ చేయండి.

"మీ డ్రైవర్లన్నీ పాతబడ్డాయి, డబ్బు కట్టండి" అంటూ కనిపించే అప్‌డేటర్ యాప్‌ల జోలికి వెళ్లకండి. అసలు డ్రైవర్లు కంపెనీ సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి.

మ్యాక్ వాడేవాళ్లకి ఈ అడుగు చాలా చిన్నది. అక్కడ గ్రాఫిక్స్ డ్రైవర్లు మ్యాక్‌ఓఎస్ అప్‌డేట్‌తోనే వస్తాయి.

ఆరో అడుగు: కార్డుని మళ్లీ ఆన్ చేయండి

చాలామంది మర్చిపోయేది ఇదే! మూడో అడుగులో తీసిన టిక్ మళ్లీ పెట్టి, అదే ఫొటోతో అదే పని చేసి చూడండి. రెండు కార్డులున్న ల్యాప్‌టాప్ అయితే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి మీ సాఫ్ట్‌వేర్‌కి 'హై పర్ఫార్మెన్స్' ఎంచుకోండి. లేకపోతే బలమైన కార్డు ఊరికే కూర్చుని, చిన్న కార్డు మోస్తూ ఉండొచ్చు.

పని మధ్యలో స్క్రీన్ బిగుసుకుపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది. కొన్నిసార్లు సేవ్ చేసుకునే అవకాశం దొరుకుతుంది. ఇది ప్రథమ చికిత్స మాత్రమే. రిజిస్ట్రీలో ఆ 2 సెకన్ల గడువు పెంచమని కొందరు చెప్తారు. దానివల్ల విండోస్ ఇంకాసేపు ఎదురుచూస్తుందంతే, లోపం అలాగే ఉంటుంది.

డ్రైవర్ తప్పు కాకపోతే?

కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ రాకముందే బయాస్ స్క్రీన్ మీద కూడా గీతలు కనిపిస్తున్నాయా? అప్పటికి విండోస్ డ్రైవర్ ఇంకా మొదలే కాలేదు. కాబట్టి కేబుల్, మానిటర్, కార్డు, వీటిలో ఏదో ఒకటి చెడింది. విండోస్‌లో ఒక స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపి చూడండి. అందులో గీతలు లేకపోతే ముందు కేబుల్, మానిటర్ మార్చి చూడండి. పని మొదలుపెట్టిన పావుగంటకి, ఫ్యాన్ గట్టిగా అరిచాకే గొడవ వస్తుంటే వేడి కూడా కారణం కావచ్చు. దుమ్ము దులిపించి మళ్లీ చూడండి.

ఇవన్నీ చేశాక కూడా తేలకపోతే సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. వెళ్లేటప్పుడు రెండో అడుగులో రాసుకున్న కాగితం తీసుకెళ్లండి. ఏం మారింది, ఏం పరీక్షించారు, ఏం తేలింది అన్నది మీ చేతిలో ఉంటే, "కార్డు పోయింది, మార్చాలి" అని ఎవరైనా అనగానే తలూపేయనక్కర్లేదు. "కార్డు ఆఫ్ చేస్తే బాగుంది, బయాస్‌లో గీతల్లేవు, మరి కార్డు పోయిందని ఎలా తేల్చారు?" అని నిదానంగా అడగొచ్చు.